ఎంచుకొనే స్వేచ్ఛ ఎంతవరకు?
– ‘డిస్కో ఎలీసియం’ మీద ఒక పరిశీలన

కొద్ది సంవత్సరాలుగా మన విద్యార్థి మిత్రుల మధ్య ఒక ఆట పేరు తరచు వినవస్తున్నది. ఆ పేరు ‘డిస్కో ఎలీసియం’. కంప్యూటరు మీద ఆడే ఆట అది. కాని దాన్ని గురించి మాట్లాడే యువకులు ఆటను గురించి మాట్లాడినట్లు మాట్లాడరు. ఒక గొప్ప నవలను గురించి మాట్లాడినట్లు మాట్లాడతారు. పెట్టుబడిదారీ వినోద పరిశ్రమలో పుట్టిన ఏకైక వామపక్ష మహాకావ్యం ఇదేనని కొందరి అభిప్రాయం. మరోవంక మన అధ్యాపక మిత్రులు చాలమంది ఈ మాట విని నవ్వి వూరుకొంటున్నారు. ఆట అన్న తరువాత దానికి విమర్శ ఏమిటని వారి ప్రశ్న.

ఈ రెండు వైఖరులూ తొందరపాటువే. ఒకప్పుడు నవలను గురించి, ఆ తరువాత సినిమాను గురించి పండితులు అన్న మాటలే ఇప్పుడు ఆటను గురించి మనం అంటున్నాము. లక్షలాది యువకులు పదుల గంటలు కూర్చుని చదివే వస్తువు ఏ రూపంలో వున్నా దాన్ని పరిశీలించవలసిన బాధ్యత విమర్శకునికి వున్నది. అట్లాగే, రచయితలు మార్క్సు పేరు చెప్పినంత మాత్రాన వారి రచన అభ్యుదయ రచన అయిపోదు. జీవితాన్ని గురించి అది ఏమి చెపుతున్నది, ఏ వర్గం నిలబడిన చోటినుంచి చూసి చెపుతున్నది, ముగించి లేచిన మనిషిని ఏ స్థితిలో వదిలిపెడుతున్నది – ఈ మూడు ప్రశ్నలూ నవలకు వేసినట్లే దీనికీ వేయాలి. ఈ వుద్దేశంతోనే నేను ఈ ఆటను రెండుసార్లు, రెండు భిన్నమైన మార్గాల్లో, చివరంటా ఆడి చూశాను.

ఆడనివారి కోసం ముందుగా ఇతివృత్తాన్ని క్లుప్తంగా చెప్పాలి. ఇది 2019 అక్టోబరులో వెలువడింది. రాసినవారు ఎస్తోనియా దేశపు యువ రచయితలూ చిత్రకారులూ. వారిలో ముఖ్యుడు రాబర్ట్ కుర్విట్స్. ఇదే కల్పిత ప్రపంచాన్ని గురించి 2013లో ఒక నవల రాసినవాడు. పెద్ద కంపెనీల పెట్టుబడితో గాక, ‘జాఉమ్’ అనే సాహిత్య కళా బృందంగా మొదలై వారు ఈ పనికి పూనుకొన్నారు. ఆటలోని మాటలు పది లక్షలకు పైబడి వుంటాయంటారు. తుపాకి కాల్చడం, పరుగెత్తడం ఇందులో ఆట కాదు. మాట్లాడటమే ఆట. ఎదుటి మనిషి ఒక మాట అంటాడు. మీ ముందు నాలుగైదు జవాబులు జాబితాగా కనబడతాయి. ఒకటి ఎంచుకొంటారు. కొన్నిచోట్ల రెండు పాచికలు దొర్లుతాయి. గెలుపో ఓటమో తేలుతుంది. కథ సాగుతుంది.

కథ జరిగే వూరు రెవషోల్ అనే మహానగరంలో మార్టినేజ్ అనే రేవుపేట. ఈ నగరంలో కథాకాలానికి సుమారు అర్ధశతాబ్దం ముందు విప్లవం జరిగింది. కమ్యూను ఏర్పడింది. విదేశీ రాజ్యాల కూటమి దండెత్తి ఆరేళ్ళలోనే దాన్ని నెత్తురులో ముంచింది. 1871 నాటి పారిస్ కమ్యూను జ్ఞాపకం రాక మానదు. నాటినుంచీ ఆ నగరం ఆ కూటమి ఏలుబడిలోనే వున్నది. ఇప్పుడు రేవులో సమ్మె జరుగుతున్నది. ఒకవైపు రేవు కార్మికుల సంఘం, మరొకవైపు వైల్డ్ పైన్స్ అనే కంపెనీ. ప్రతి కార్మికుడికీ కంపెనీ బోర్డులో స్థానం కావాలని సంఘం కోర్కె. ఈ సమయంలో ఒక సత్రం వెనుక చెట్టుకు ఒక శవం వేలాడుతూ కనబడింది. చచ్చినవాడు కంపెనీ తెప్పించిన కిరాయి సైనికుడు. దర్యాప్తుకు వచ్చిన పోలీసు అధికారి తప్పతాగి, తన పేరుతో సహా సర్వమూ మరచిపోయి, ఆ సత్రపు గదిలో నేల మీద మేలుకొంటాడు. అతడే మన కథానాయకుడు. మరొక ఠాణానుంచి వచ్చిన కిమ్ కిట్సురాగి అనే నిదానస్తుడైన అధికారి అతనికి తోడు.

ముందుగా ఈ రచనలోని గుణాలను మనసారా ఒప్పుకోవాలి. లేకుంటే మన విమర్శకు విలువ వుండదు.

ఓడిపోయిన విప్లవం ఒక పేటను ఎట్లా వదిలిపెడుతుందో చూపడంలో ఈ రచయితలు సిద్ధహస్తులు. గోడలమీద తూటాల గుంటలు అట్లాగే వున్నాయి. ఆ గోడల పక్కనే ముసలివాళ్ళు బంతులాట ఆడుకొంటారు. ఏలికల యుద్ధనౌకలు ఆకాశంలో తేలుతూ వుంటాయి. ఎవరూ తలెత్తి చూడరు. పెట్టుబడి తరపున వచ్చిన జాయిస్ మెస్సియే పాత్రపోషణ ఎంతో నిపుణంగా జరిగింది. ఆమె కోరలూ కొమ్ములూ వున్న రాక్షసి కాదు. చదువుకొన్నది, మర్యాద తెలిసినది, ప్రపంచం గురించి అందరికంటె ఎక్కువ నిజాలు చెప్పేది ఆమే. చివరకు ఆమె వట్టి వుద్యోగి కాదనీ, యజమానుల్లో ఒకతె అనీ బయటపడుతుంది. పెట్టుబడి మన ఇంటికి ఎప్పుడూ కత్తి పట్టుకొని రాదనీ, చాలసార్లు టీ కప్పు పట్టుకొని వస్తుందనీ ఇంత చక్కగా చూపిన పాత్రలు అరుదు. అట్లాగే, రేవుకట్ట మీద పుచ్చిన చెక్కలో కాలు దిగబడి పడి చనిపోయిన ఒక తాగుబోతు సంగతి అతని భార్యకు చెప్పవలసిన సన్నివేశం వున్నది. పాచికలతో, పాయింట్లతో నడిచే ఆటలో అంత నిండు విషాదం ఇమిడిందంటే ఆ రచయితల శక్తి సామాన్యమైనది కాదు.

ఇంత చెప్పిన తరువాత అసలు విషయానికి రావాలి.

ఈ ఆటను మెచ్చుకొనేవారు అందరూ ఏకకంఠంతో చెప్పే మాట ఒకటి వున్నది: ఇందులో ఎంచుకొనే స్వేచ్ఛ మనది. కమ్యూనిస్టు కావచ్చు, ఫాసిస్టు కావచ్చు, మార్కెట్టు భక్తుడు కావచ్చు, ఎటూ చెప్పని మధ్యేవాది కావచ్చు. నవల మనల్ని చేయిపట్టుకొని నడిపిస్తుంది. ఈ ఆట మనల్ని వదిలిపెడుతుంది. కనుక ఇది మరింత ప్రజాస్వామికమైన కళ అని వారి వాదం.

ఈ వాదాన్ని పరీక్షించాలంటే ఎంపికలను మూడు రకాలుగా విడదీసుకోవాలి. మొదటిది, ఏమి మాట్లాడాలన్న ఎంపిక. రెండవది, ఏమి చెయ్యాలన్న ఎంపిక. మూడవది, మనుషుల మధ్య వున్న సంబంధాలను మార్చే ఎంపిక. ‘డిస్కో ఎలీసియం’లో మొదటి రకం కుప్పతెప్పలుగా వున్నది. రెండవ రకం కొంత వున్నది. మూడవ రకం దాదాపు శూన్యం. మీరు ఏ మార్గాన పోయినా హంతకుడు ఒకడే. మీరు ఎంత వామపక్షంగా మాట్లాడినా, ఎంత మితవాదంగా మాట్లాడినా, కిరాయి సైనికులు వచ్చి తుపాకులు పేలుస్తారు, కార్మికులు నేలకొరుగుతారు. ఎందరు చనిపోతారు, కిమ్‌కు గాయం తగులుతుందా లేదా అన్న తేడా తప్ప, ఆ ఘట్టం తప్పదు. సమ్మె దారి సమ్మెదే, కంపెనీ దారి కంపెనీదే.

ఇది తప్పని నేను అనను. నిజానికి ఒక తాగుబోతు పోలీసు అధికారి తన తెలివితో ఒక రేవు సమ్మెను గెలిపించినట్లు రాసివుంటే అది పచ్చి అబద్ధమయ్యేది. చరిత్రను ఒంటరి వ్యక్తి ఎంపికలు నడిపించవన్నది భౌతికవాదం చెప్పే మొదటి పాఠం. ఈ పాఠాన్ని ఆట తెలిసి చెప్పివుంటే మనం చేతులెత్తి నమస్కరించేవాళ్ళం. చిక్కేమంటే, ఆట ఈ పాఠం చెప్పడం లేదు. సంఘటనల మీద లేని అధికారాన్ని మాటల మీద ఇచ్చి, ఆ మాటలకు కూలి కట్టి, అదే రాజకీయం అని నమ్మిస్తున్నది.

కూలి అన్నమాట నేను వూరికే అనలేదు. ఆటలో ‘ఆలోచనల బీరువా’ అని ఒకటి వున్నది. నాయకుడు వామపక్షపు మాటలు కొన్నిసార్లు అన్న తరువాత, మాజోవ్ అనే ఆ లోకపు సిద్ధాంతకర్త ఆలోచన ఆ బీరువాలో చేరుతుంది. అది స్థిరపడ్డ తరువాత ప్రతి వామపక్ష వాక్యానికీ 4 అనుభవ పాయింట్లు వస్తాయి. 100 పాయింట్లకు ఒక నైపుణ్యం ఒక మెట్టు పెరుగుతుంది. అంటే 25 సార్లు విప్లవం పేరెత్తితే మనిషి ఒక మెట్టు ఎదుగుతాడన్నమాట! మార్కెట్టును పొగిడే వాక్యాలకు అటువంటిదే మరొక ఆలోచన వున్నది. దానికి పాయింట్లకు బదులు నాణెం వస్తుంది. గది అద్దె కట్టుకోలేని పోలీసువాడికి అది మంచి గిట్టుబాటే.

ఇది వ్యంగ్యం అని మిత్రులు వెంటనే అంటారు. నిజమే, వ్యంగ్యమే. అంతేకాదు, పదునైన వ్యంగ్యం కూడాను. మాటల్లో మాత్రమే విప్లవకారులైనవారు మనలో లేరా? సభలో ఎర్రగా మాట్లాడి, ఇంటికి పోయి నిద్రపోయి, ఆ మాటలనే తన వ్యక్తిత్వానికి అలంకారంగా లెక్క వేసుకొనే పెటీ బూర్జువా మేధావి మనకు కొత్తవాడు కాదు. ఆ పాయింట్ల లెక్క చూసి అతడు సిగ్గుపడవలసిందే. కాని వ్యంగ్యానికి కాలు మోపే చోటు ఒకటి వుండాలి. వట్టిమాటల విప్లవకారుణ్ణి చూసి నవ్వాలంటే, మాట వట్టిది కానివాడు ఒకడైనా కథలో ఎక్కడో నిలబడి వుండాలి. ఆ మనిషి ఎక్కడ?

వెతికి చూద్దాం. కార్మిక సంఘ నాయకుడు ఎవ్రార్ క్లేర్. లావాటి మనిషి, తియ్యని మాట, లోపల కుటిలం. రేవుగుండా సాగే మత్తుమందుల వ్యాపారంలో అతనికి చెయ్యి వున్నది. పిల్లలకోసం కేంద్రం కట్టిస్తానని చెప్పి బెస్తపల్లెవాళ్ళ సంతకాలు తెమ్మంటాడు. ఆ కట్టడం లేస్తే ఆ పల్లెవాళ్ళే చోటు వదిలిపోవలసి వస్తుంది. సంఘానికి కండబలంగా వున్న టైటస్ హార్డీ, అతని ముఠా ధైర్యవంతులే గాని, బార్లో కూర్చుని పేటకు తామే చట్టమనుకొనే దాదాలు. కమ్యూనిస్టు విద్యార్థులు ఇద్దరు వున్నారు. వారిని గురించి తరువాత చెపుతాను. ఇక కమ్యూను కోసం నిజంగా తుపాకి పట్టిన మనిషి కథ మొత్తంలో మన ఎదుటికి వచ్చేది ఒక్కడు – యోసెఫ్ ద్రోస్. అతడే హంతకుడు. సముద్రంలో పాడుబడ్డ కోటలో నలభై ఏళ్ళకు పైగా దాగి, తుపాకి దుర్బిణిలోంచి పేటను చూస్తూ, తనలో తాను కుళ్ళి, సిద్ధాంతద్వేషం ఏదో, కిటికీలో కనబడిన స్త్రీ మీది అసూయ ఏదో తనకే తెలియని స్థితిలో తూటా పేల్చినవాడు. పైగా అతడు ఆనాటి యుద్ధంలో తన దళాన్ని వదిలి పారిపోయినవాడు కూడాను.

ఒక్కొక్క పాత్రను విడిగా చూస్తే అసహజం అని అనలేము. లంచగొండి సంఘ నాయకులు లేరా? వున్నారు. ఒంటరితనంలో చెడిపోయిన పాత విప్లవకారులు లేరా? వున్నారు. కాని రచయిత దృక్పథం విడివిడి పాత్రల్లో గాక, వాటి కూర్పులో బయటపడుతుంది. నాయకుడు వంచకుడు, అనుచరులు దాదాలు, యువకులు అమాయకులు, యోధుడు హంతకుడు. నాలుగు వైపులా ఇట్లా గోడలు కట్టిన తరువాత ప్రేక్షకుడికి మిగిలేది ఏమిటి? తన పని తాను నిజాయితీగా చేసుకుపోయే కిమ్ మీద గౌరవం. అంటే, ఏ పక్షమూ పట్టని మంచి వుద్యోగి మీద గౌరవం. వామపక్ష మహాకావ్యమని పేరుబడ్డ రచనలో అందరికంటె ఎక్కువ అభిమానం సంపాదించుకొన్న పాత్ర అతడే కావడం యాదృచ్ఛికం కాదు.

ఇక్కడ మరొక సంగతి గమనించాలి. సమ్మెను మనం ఎవరి కళ్ళతో చూస్తున్నాము? పోలీసు కళ్ళతో. నేరపరిశోధన కథకు ఒక స్వభావం వున్నది: దానికి ప్రతి మనిషీ సాక్షో, ముద్దాయో కావాలి. కనుక ఈ కథలో కార్మికులు ముందుగా అనుమానితులుగా మన ముందుకు వస్తారు, ఆ తరువాతే సమ్మెదార్లుగా. హత్య ఎవరు చేశారన్న ప్రశ్న పెద్దదై, సమ్మె ఎందుకు జరుగుతున్నదన్న ప్రశ్న దాని వెనుక నిలబడుతుంది. సమ్మెచేసే ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతున్నది, నిధి ఎన్నాళ్ళు వస్తుంది, ఆడవాళ్ళు ఏమనుకొంటున్నారు, సభలో చేతులు ఎత్తినప్పుడు ఎవరి చెయ్యి వణికింది – పది లక్షల మాటలున్న రచనలో వీటికి చోటు దొరకలేదు. ప్రతి కార్మికుడూ బోర్డు సభ్యుడు కావాలన్న కోర్కె ఎంత అసాధారణమైనది! దానిమీద కార్మికుల మధ్య జరిగిన చర్చ ఒక్కటైనా మన చెవిన పడదు. అది ఎవ్రార్ నోట వినబడే నినాదంగా మాత్రమే మిగిలిపోతుంది.

గెలిచే సమ్మె చూపమని మనం అడగడం లేదు. కళ కరపత్రం కాదన్న మాట మనకూ తెలుసు. జోలా 1885లో రాసిన ‘జెర్మినాల్’లో గనికార్మికుల సమ్మె ఓడిపోతుంది. హౌప్ట్‌మన్ 1892లో ప్రచురించిన ‘నేతగాళ్ళు’ నాటకంలో 1844 నాటి సైలీషియా నేతపనివారి తిరుగుబాటు వున్నది. అదీ విజయగాథ కాదు. అయినా ఆ రచనలు ముగించిన పాఠకుడికి, ఆ మనుషులు ఎందుకు లేచారో, ఎందుకు ఓడారో, మళ్ళీ ఎందుకు లేస్తారో అర్థమవుతుంది. ఆకలి ఏ గడపలోకి ఎట్లా వచ్చిందో అతను చూశాడు. ఓటమి అక్కడ కారణాలున్న ఓటమి. ‘డిస్కో ఎలీసియం’లో ఓటమి కారణాలను వదిలి వాతావరణంగా మారిపోయింది.

ఇది అలంకారంగా అంటున్న మాట కాదు. ఆ లోకంలో ‘పాలిపు’ అని మనం పిలుచుకోదగిన ఒక పదార్థం వున్నది. రంగూ రూపూ లేని శూన్యం అది; ఖండాల మధ్య వ్యాపించి, మెల్లగా లోకాన్ని మింగుతూ వుంటుంది. మనుషుల గతమే అట్లా పేరుకొన్నదన్న సూచన కూడా వున్నది. కవితాత్మకమైన వూహే. కాని దాని అర్థమేమిటి? సామాజిక పతనాన్ని తెచ్చి విశ్వధర్మం చెయ్యడం. మనుషులు చేసినదాన్ని మనుషులు మార్చవచ్చు. ప్రకృతి ధర్మాన్ని ఎవరు మార్చగలరు? కథ ముగింపు కూడా ఇదే బాట పట్టింది. హంతకుడు దొరికిన తరువాత, రెల్లుపొదల్లోంచి ఎవరూ నమ్మని ఒక మహాకీటకం లేచి నిలబడి నాయకునితో సంభాషిస్తుంది. ఆ దృశ్యం అందమైనదే. అయితే రేవులో కార్మికుల శవాలు ఇంకా చల్లారకముందే మన కళ్ళు వారినుంచి తిప్పి ఒక అద్భుతం వైపు మళ్ళించడం ఎవరికి మేలు? చరిత్ర వేసిన ప్రశ్నకు ప్రకృతి ఇచ్చే జవాబు జవాబు కాజాలదు.

ఈ నిరాశ ఎక్కడిదో తెలుసుకోకుండా రచయితలను తప్పుపట్టడం న్యాయం కాదు. ఎస్తోనియా 1991లో సోవియట్ యూనియన్‌నుంచి విడిపోయి స్వతంత్రమైంది. ఈ రచయితల తరం పెరిగింది ఆ తరువాతి కాలంలో. ఒకప్రక్క, పేరుకు సోషలిజమై ప్రజల కంఠం నొక్కిన పాలన జ్ఞాపకాలు. మరొకప్రక్క, దాని స్థానంలో వచ్చి అన్నిటినీ అంగడికి ఎత్తిన మార్కెట్టు. ఈ రెంటి మధ్య పెరిగి కూడా వారు మార్క్సును చదివారంటే మెచ్చుకోవలసిందే. కాని వారికి పుస్తకం దొరికింది, వుద్యమం దొరకలేదు. వుద్యమం లేని వామపక్షానికి సహజంగా అబ్బేది దుఃఖమూ హాస్యమూ. ఆ రెండూ ఈ ఆటలో పుష్కలంగా వున్నాయి. వారి నిజాయితీని మనం శంకించనక్కరలేదు. వారి దుఃఖాన్ని మన దృక్పథంగా తెచ్చుకోవడానికి మాత్రం మనం అంగీకరించరాదు.

ఇక విద్యార్థుల సంగతి. 2021 మార్చిలో వచ్చిన కూర్పులో ఈ భాగం చేర్చారు. స్టెబన్, యులిక్సిస్ అనే ఇద్దరు కుర్రవాళ్ళు ఒక గదిలో పఠన బృందం నడుపుతూ వుంటారు. సభ్యులు ఇద్దరే. చాల కష్టమైన గ్రంథాలు చదువుతారు. గాఢమైన విశ్వాసం వుంటే అది పదార్థాన్ని కూడా నిలబెడుతుందన్న ఒక వింత సిద్ధాంతాన్ని పరీక్షించడానికి, నాయకునితో కలిసి అగ్గిపెట్టెలతో గోపురం కడతారు. అది పడిపోవలసిన చోట ఒక్క క్షణం నిలబడుతుంది. ఆ క్షణాన్ని చూసి కళ్ళు చెమర్చని వామపక్ష విద్యార్థి వుండడని నా మిత్రుడొకరు అన్నాడు. నేనూ చలించాను. కాని మరుక్షణంలో నాకు కలిగిన ప్రశ్న ఇది: ఆ గోపురాన్ని నిలబెట్టింది ఏమిటి? విశ్వాసం! భౌతికవాదం పేరుతో మనకు అందించినది కడపటికి శుద్ధ భావవాదం. దీన్ని రచయితలు హాస్యంగానే పెట్టారనుకొందాం. అయినా మరొక ప్రశ్న మిగిలే వుంటుంది. ఆ గదికి కూతవేటు దూరంలో రేవు గేటు వున్నది. అక్కడ సమ్మె జరుగుతున్నది, పికెట్టు వున్నది, బ్లాక్‌లెగ్గులు గుమిగూడి వున్నారు. విప్లవం గురించి ఇంత చదివిన ఈ ఇద్దరు యువకులు ఆ గేటు దగ్గరికి ఎందుకు పోలేదు? పోదాం రండి అని వారితో అనడానికి నేను జాబితా అంతా వెతికాను. నేను ఆడిన రెండుసార్లలోనూ ఆ వాక్యం నాకు కనబడలేదు.

ఈ ఆట నిజమైన పరిమితి ఆ కనబడని వాక్యంలో వున్నది. ఎంపికల జాబితా అనే రూపానికి ఒక లక్షణం వున్నది: జాబితాలో లేని మాట మీరు అనలేరు. నవలలో కూడా రచయిత రాసిందే వుంటుంది గదా అంటారేమో. నిజమే; కాని నవల మనకు స్వేచ్ఛ ఇస్తున్నానని చెప్పుకోదు. జాబితా మాత్రం చెప్పుకొంటుంది. దుకాణంలో పది రకాల సబ్బులు పెట్టి, నీ ఇష్టం నీది అన్నప్పుడు, ఆ పదీ ఒకే కంపెనీవి కావచ్చునని మనకు తెలుసు. ఫాసిస్టు వాక్యమూ, కమ్యూనిస్టు వాక్యమూ, మార్కెట్టు వాక్యమూ, మధ్యేవాద వాక్యమూ ఒకే కొలతలో, ఒకే అక్షరాల్లో, ఒకదాని కింద ఒకటి పేర్చినప్పుడు, ఆ నాలుగూ నాలుగు రుచులు మాత్రమే అన్న భావన తెలియకుండానే మనసులో దిగుతుంది. రచయితలు కోరినా కోరకపోయినా రూపం చేసే పని అది.

సమ్మెలో మనిషి చేసే ఎంపిక ఇటువంటిది కాదు. దానికి మూడు లక్షణాలు వున్నాయి. అది పదిమందితో కలిసి చేసేది. చేసిన తరువాత అందరినీ కట్టివుంచేది. దానికి వెల చెల్లించాలి – ఆ వెల జీతం, తిండి, ఒక్కొక్కప్పుడు ప్రాణం. ఆటలోని ఎంపిక ఒంటరిది, కట్టివుంచనిది, నచ్చకపోతే పాత దశకు తిరిగిపోయి మరొకటి ఎంచుకోవచ్చు. వెనక్కి తీసుకోగల మాటకు పరీక్ష ఏమిటి?

ఈ రూపంలో అసలు వెలే చూపలేరా అంటే, చూపవచ్చు. 2013లో లూకస్ పోప్ అనే అమెరికన్ ఒక్కడే కూర్చుని చేసిన ‘పేపర్స్, ప్లీజ్’ అనే చిన్న ఆట వున్నది. అందులో మీరు సరిహద్దులో పాస్‌పోర్టులు చూసే గుమాస్తా. సరిగా చూసి పంపిన ఒక్కొక్క మనిషికి 5 నాణేలు కూలి. తప్పులు చేస్తే జరిమానా. రాత్రికి ఇంటి అద్దె, తిండి, చలికాలపు వెచ్చదనం – మూడిటికీ ఆ కూలిలోంచే ఇవ్వాలి. కాగితం లేని స్త్రీని ఆమె భర్త దగ్గరికి పంపాలని మీ మనసు కరిగితే, ఆ కరుణ వెల మీ ఇంట్లో జబ్బుపడ్డవారి మందు కావచ్చు. ఆ ఆటలో రాజ్యం రంగులు ప్రచ్ఛన్నయుద్ధ కాలపు అరిగిపోయిన రంగులే. సరిహద్దు క్రూరత్వమంతా తూర్పు యూరపుదే అయినట్లు అది చూపడం దాని లోపం. కాని అంతరాత్మను కూలి ఎట్లా బంధిస్తుందో ఆ కొద్ది మాటల ఆట చెప్పినంత సూటిగా, పది లక్షల మాటల ‘డిస్కో ఎలీసియం’ చెప్పలేదు.

ఇంతకూ ఈ ఆటను గురించిన అత్యంత బోధకరమైన అధ్యాయం ఆటలో లేదు. అది ఆట బయట జరిగింది. 2019 డిసెంబరులో అమెరికాలో జరిగిన బహుమతుల సభలో ‘డిస్కో ఎలీసియం’కు నాలుగు బహుమతులు వచ్చాయి. వేదిక మీద రచయితల బృందం తరపున మార్క్సు, ఎంగెల్సులకు కృతజ్ఞత చెప్పారు. ప్రపంచంలోని యువకులు చప్పట్లు కొట్టారు. రెండేళ్ళు తిరిగేసరికి, 2021 చివర, కుర్విట్స్, చిత్రకారుడు అలెగ్జాండర్ రోస్తోవ్, రచయిత్రి హెలెన్ హిండ్‌పెరే ఆ సంస్థలో లేరు. వారు తమ ఇష్టంతో వెళ్ళినవారు కాదని 2022 అక్టోబరులో లోకానికి తెలిసింది. వాటాలను గురించీ యాజమాన్యాన్ని గురించీ వివాదం న్యాయస్థానాలకు ఎక్కింది. ఇరుపక్షాలూ ఒకరినొకరు నిందించుకొన్నారు. ఎవరి మాట ఎంత నిజమో తీర్పు చెప్పడం ఈ వ్యాసం పని కాదు. కాని ఒక సంగతికి తీర్పు అక్కరలేదు. ఆ ప్రపంచాన్ని వూహించినవాడు బయట వున్నాడు. ఆ ప్రపంచం మీద హక్కులు సంస్థ దగ్గర వున్నాయి. 2024 ఫిబ్రవరిలో అదే సంస్థ ఒక కొత్త ఆటను మధ్యలో ఆపివేసి, సిబ్బందిలో సుమారు నాలుగోవంతుమందికి వుద్వాసన తప్పదని చెప్పింది.

ఇందులో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. మరమగ్గం ఎవరిదో బట్ట వారిది. ఇక్కడ మరమగ్గం పేరు కాపీరైటు, అంతే. బృందమని పేరు పెట్టుకొన్నంత మాత్రాన, వేదిక మీద మార్క్సుకు నమస్కరించినంత మాత్రాన, వుత్పత్తి సంబంధాలు మారవు. వాక్యాలకు పాయింట్లు వచ్చే లోకంలో ఇది బోధపడదు. వాటాలకు ఓట్లు వుండే లోకంలో బోధపడుతుంది. తమ ఆట చెప్పకుండా వదిలేసిన పాఠాన్ని దాని రచయితలే తమ బతుకుతో చెప్పవలసి రావడం విచారకరం.

అయితే కథ అక్కడితో ఆగలేదు. 2025లో ఆ సంస్థ బ్రిటన్ వుద్యోగులు యూనియన్ కట్టుకొని యాజమాన్యంచేత గుర్తింపు పొందారు. ఇది చిన్న వార్త. బహుమతుల సభలు దాన్ని పట్టించుకోలేదు. కాని జాబితాలో లేని వాక్యం అంటే ఏమిటో ఆ చిన్న వార్త చెపుతున్నది. ఎవరూ వారికి నాలుగు జవాబులు రాసిపెట్టి ఒకటి ఎంచుకోమనలేదు. వాళ్ళు పదిమంది కూడి, తమ జవాబు తామే రాసుకొన్నారు. దానికి వెల వుంటుందని తెలిసే రాసుకొన్నారు.

విద్యార్థి మిత్రులకు నా సలహా ఇది. ఈ ఆటను ఆడండి. సిగ్గుపడవలసిన పని ఏమీ లేదు. మంచి రచన అది. పఠన బృందాల్లో చర్చించండి. అధ్యాపక మిత్రులు కూడా వచ్చి కూర్చోవాలి. జాయిస్ మెస్సియేను చూసి పెట్టుబడి మర్యాదను గుర్తుపట్టడం నేర్చుకోండి. పాయింట్ల లెక్క చూసి మన మాటకారితనాన్ని మనమే నవ్వుకొందాం. కాని ఓటమి రుచిని విజ్ఞానమనుకోవద్దు. ఎన్ని జవాబులు ఇచ్చారన్న లెక్క కట్టి స్వేచ్ఛను కొలవవద్దు.

రేపు మన భాషలోనో, మరొక భాషలోనో ఇటువంటి ఆట రాయబోయే యువకులు వుంటారు. వారినుంచి మనం గెలిచే సమ్మెను కోరడం లేదు. పోలీసు గదిలోంచి గాక సమ్మె గడపలోంచి లోకాన్ని చూపమని కోరుతున్నాము. అగ్గిపెట్టెల గోపురం దగ్గర కూర్చున్న ఆ ఇద్దరు కుర్రవాళ్ళను లేపి, రేవు గేటు దాకా నడిపించే వాక్యం ఒక్కటి ఆ జాబితాలో చేర్చమని కోరుతున్నాము. అక్కడికి పోయిన తరువాత ఏమి జరుగుతుందో, అది పాచికలు తేల్చే విషయం కాదు.